థర్మాకోల్ నుయ్యి తీసేద్దాం: పరిషత్తు నిర్వాహకులకూ నాటక దర్శకులకూ బహిరంగ లేఖ

నాటక పోటీలు పెట్టే పరిషత్తులు నడుపుతున్న పెద్దలకు, పాత నాటకాలను మళ్లీ ఎత్తుకుంటున్న దర్శకులకు నమస్కారం.

నేను నటుణ్ని కాదు, దర్శకుణ్నీ కాదు. ముప్పై ఏళ్లు వింగ్ పక్కన పుస్తకం పట్టుకుని, నటులు మరిచిపోయిన మాట అందిస్తూ ప్రాంప్టింగ్ చెప్పినవాణ్ని. ప్రాంప్టరుకి నాటకం పక్కనుంచి కనిపిస్తుంది. హాల్లో కూర్చున్నవాళ్లకు రంగులేసిన గోడ కనిపిస్తే, నాకు దాని వెనక కొట్టిన రీపర్లూ మేకులూ కనిపిస్తాయి. రిహార్సల్స్ మొదటి రోజు నుంచీ ఉంటాను కాబట్టి ఒక సీను ప్రాణం పోసుకోవడమూ చూస్తాను, ప్రదర్శన నాడు అదే సీను ప్రాణం పోగొట్టుకోవడమూ చూస్తాను. ఈ రెండో సంగతే మీకు రాయాలనిపించింది.

కొన్నేళ్ల కిందట ఒక పట్నంలో గురజాడ కన్యాశుల్కం వేశాం. రెండో అంకం మీకు తెలుసు. పెద్ద కూతురు బుచ్చమ్మ విధవై ఇంట్లో ఉండగానే, అగ్నిహోత్రావధాన్లు చిన్నపిల్ల సుబ్బిని డబ్బు పుచ్చుకుని ముసలి లుబ్ధావధాన్లకి ఇవ్వడానికి నిశ్చయించుకుంటాడు. వెంకమ్మ ఎంత మొత్తుకున్నా ఆయన చెవికెక్కదు. కాసేపటికి, అమ్మ నూతిలో పడిందని వార్త వస్తుంది.

మా రిహార్సల్స్ ఒక హైస్కూలు గదిలో జరిగేవి. బెంచీలు గోడకి జరిపి, సుద్దముక్కతో నేలమీద గీతలు గీసుకుని ఆడేవాళ్లం. బుచ్చమ్మ వేసే అమ్మాయి బయట వరండాలోంచి పరిగెత్తుకొచ్చి గుమ్మంలో నిలబడి ఆ మాట అనేది. ఆమె ఆ మాట అనగానే అందరం ఆ చీకటి వరండా వైపు తల తిప్పేవాళ్లం. మాట ముందే తెలుసు, ఎప్పుడు వస్తుందో తెలుసు, పుస్తకం నా చేతిలోనే ఉంది. అయినా ప్రతిరోజూ తిప్పేవాళ్లం. అక్కడ నుయ్యి ఉన్నట్టే అనిపించేది.

ప్రదర్శన నాడు వేదిక మీదికి నుయ్యి వచ్చింది. థర్మాకోల్‌తో చేసి, రాళ్లలాగా రంగు వేసి, గిలక, తాడు, చేద అన్నీ పెట్టారు. వెంకమ్మ అందరి ఎదుటా అందులోకి దూకింది. లోపల పరుపు వేశాం. ఆమె దూకగానే నుయ్యి ఊగింది. ముందు వరసలో పిల్లలు నవ్వారు. తరవాత పెద్దలు కూడా నవ్వారు. కూతుర్ని అమ్మేస్తుంటే ఆపలేక ఒక తల్లి నూతిలో పడిన చోట హాలంతా నవ్వింది. ఆ తరవాత ఎన్నో నాటకాలకు పుస్తకం పట్టుకున్నాను, ఆ నవ్వు మాత్రం ఇంకా చెవిలో ఉంది.

ఇందులో దర్శకుడి అశ్రద్ధ ఏమీ లేదు. ఆయనకు కన్యాశుల్కం అంటే ప్రాణం. ఉద్యోగం అయిపోగానే తిండి కూడా తినకుండా రిహార్సల్స్‌కి వచ్చేవాడు. ఆయనది భయం. వేదిక ఖాళీగా కనిపిస్తే "ఏముందయ్యా స్టేజీ మీద?" అంటారన్న భయం, న్యాయనిర్ణేతలు మార్కులు కోస్తారన్న టెన్షన్. మా ఖర్చులో సగానికి పైగా ఆ సెట్టుకీ దాన్ని మోసుకొచ్చిన లారీకీ పోయింది. బుచ్చమ్మ వేసిన అమ్మాయికి బస్సు చార్జీలు ఇవ్వడానికి మేం చేతులు చూసుకున్నాం.

నిర్వాహకులకు నా మొదటి మాట ఇక్కడే. మీరు దేనికి బహుమతి పెడితే నాటక సమాజాలు దానిమీదే డబ్బు పోస్తాయి. రంగాలంకరణకు బహుమతి ఉన్నప్పుడు, ఏమీ పెట్టకుండా నాటకాన్ని నిలబెట్టినవాడికి ఆ గడిలో ఎన్ని మార్కులు పడతాయి? వేదిక మీద ఏం ఉండకూడదో నిర్ణయించడం కూడా రంగాలంకరణే. రెండు స్టూళ్లూ ఒక లాంతరూ ఎక్కడ పెట్టాలో నెల రోజులు ఆలోచించిన మనిషికి, ఇల్లంతా అద్దెకు తెచ్చి దింపినవాడి కంటే ఎక్కువ పనితనం ఉండవచ్చు. దాన్ని చూసే కన్ను న్యాయనిర్ణేతలకు ఉండాలని మీరు అడగాలి.

ఖాళీ వేదిక అనగానే పరాయి దేశపు ఫ్యాషన్ అని కొట్టిపారేసేవాళ్లున్నారు. శాకుంతలం మొదటి అంకం తెరిచి చూడండి. దుష్యంతుడు రథమెక్కి లేడిని తరుముతూ వస్తాడు. కాళిదాసు అక్కడ రథం తెమ్మనలేదు, రథవేగాన్ని అభినయించమన్నాడు. శకుంతల మొక్కలకు నీళ్లు పోయడమూ అంతే. నటుడు వేదిక చుట్టూ ఒక చుట్టు తిరిగితే ఊరు మారినట్టు, అడవి దాటినట్టు. సంస్కృత నాటకాల్లో 'పరిక్రమ్య' అని ఒక్క ముక్క కనిపిస్తుంది చూడండి, మన సెట్టింగు మార్పిడి అంతా ఆ ముక్కలోనే ఉంది.

సంస్కృతం దాకా ఎందుకు, మన భామాకలాపం ఉంది. ఇద్దరు మనుషులు చెరో కొసా పట్టుకున్న తెర ఒకటి, దానిమీంచి ఇవతలికి పడిన జడ. సత్యభామ ముఖం ఇంకా చూడనే లేదు, ఆమె గర్వమంతా అప్పుడే తెలిసిపోయింది. వీధినాటకాల్లో కాగడాల వెలుగులో పాత్ర ప్రవేశిస్తుంటే గుప్పెడు గుగ్గిలం చల్లేవాళ్లు. భగ్గుమని మంట లేచేది, అందులోంచి రాక్షసుడు వచ్చేవాడు. ప్రజానాట్యమండలి వాళ్లు ఊరూరా తిరిగి ఆడినప్పుడు ఏ లారీలో ఏ ఇల్లు మోసుకెళ్లారు? రంగుల తెరలు మనకు వచ్చి నూట నలభై ఏళ్ల పైచిలుకే. ధార్వాడ నాటక సమాజం వాళ్లు వచ్చి ఆడి వెళ్లాక, 1880లో రాజమండ్రిలో వీరేశలింగం గారు విద్యార్థులతో నాటకాలు వేయించారు. ఆ కాలానికి ముందు మన ఆటకు వెనక గోడ అంటూ లేదు.

తెరలతో, మాయలతో ఆడే సురభి నాటకాల మాటేమిటి అని మీరు అడుగుతారు. అడగాలి కూడా. 1885లో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల నాటకం అంటే నాకు భక్తి. మాయాబజార్‌లో వాళ్లు చూపించే మాయలకు ఇప్పటికీ నోరు తెరుచుకునే చూస్తాను. అయితే ఆ కథే మాయ గురించి. ఆ తాళ్లు లాగే చెయ్యి ఆ ఇంట్లోనే పుట్టిన చెయ్యి, ఏ క్షణంలో లాగాలో తాతల నాటి నుంచి తెలుసు. వాళ్ల తెర నటుడితో కలిసి ఆడుతుంది. బి.వి. కారంత్ లాంటి పేరున్న కన్నడ దర్శకుడు వాళ్ల దగ్గరికి వచ్చి నాటకాలు చేయించాడంటే ఆ పనితనం చూసే. నేను వద్దంటున్నది సురభిని కాదు. ఏ నాటకానికైనా ఒకే దుకాణంలోంచి అద్దెకొచ్చే స్తంభాలనూ, ఈ మధ్య వెనక పెడుతున్న ఎల్‌ఈడీ తెరలనూ. కృష్ణుడు రాయబారం చేస్తుంటే ఆయన వెనక మేఘాలు కదులుతుంటాయి. నటుడు పద్యం ఎత్తుకునేసరికి మన కళ్లు మేఘాల వెంట పోతాయి, పద్యం నేలపాలవుతుంది.

తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో పడకసీను ఎన్నిసార్లు చూశారో గుర్తు చేసుకోండి. దానికి ఒక మంచం చాలు. కృష్ణుడు పడుకుని ఉంటాడు. దుర్యోధనుడు వచ్చి తలవైపు కూర్చుంటాడు, అర్జునుడు వచ్చి కాళ్ల దగ్గర చేరతాడు. కళ్లు తెరిస్తే ఎవరు ముందు కనబడతారు? యుద్ధం ఎటు పోతుందో ఆ మంచం చుట్టూ ముగ్గురు మనుషులు ఉన్న తీరులోనే ఉంది. ఇప్పుడా మంచం మీద సింహాల తలలు, వెనక నెమలి పింఛాలు, పక్కన రెండు ప్లాస్టిక్ దీపస్తంభాలు, పైన తిరిగే రంగు దీపాలు. అన్నీ తీసేసి, ఒక మామూలు మంచం వేదిక మధ్యన వేసి, కృష్ణుడు కళ్లు తెరవడానికి ముందు అర నిమిషం ఎవరూ మాట్లాడకుండా ఉంచండి. హార్మోనియం కూడా ఆపండి. ఆ అర నిమిషం ఉంచడానికి చాలా ధైర్యం కావాలి. ప్రాంప్టర్‌గా నాకు తెలుసు, వేదిక మీద నాలుగు క్షణాలు నిశ్శబ్దం వస్తే నటుడు మాట మరిచిపోయాడని నేనే కంగారుపడి అందించేవాణ్ని. అలా ఎన్ని మంచి నిశ్శబ్దాలను పాడుచేశానో. ఆ పాపం నాదే.

దర్శకులతో ఇంకొంచెం సూటిగా మాట్లాడతాను. మీలో చాలామందికి ధైర్యం అంటే మార్చడం. గిరీశం చేతిలో సెల్‌ఫోన్ పెడతారు, రామప్పపంతులుకి చలవ కళ్లద్దాలు పెడతారు, మధురవాణి నోట కొత్త సినిమా మాట పలికిస్తారు. జనం ఈలలు వేస్తారు. ఆ ఈల గురజాడకు కాదు, సినిమాకు. 1892లో విజయనగరంలో మొదట ఆడిన నాటకం ఇది, 1909లో గురజాడ తనే మళ్లీ పెంచి తిరగరాసిన నాటకం. నూరేళ్లు దాటినా నిలబడిందంటే మన ఆసరా దానికి అక్కర్లేదు. మనం చేయాల్సిన సాహసం వేరే ఉంది. ఈ నాటకం ఎవరిది అని నిర్ణయించుకోవడం.

మొత్తం ఆడాలంటే రాత్రంతా పడుతుంది కాబట్టి అందరం కోస్తాం. కోసినప్పుడల్లా మిగిలేది గిరీశమే. అది సహజమే, ఆ పాత్ర అంత రుచిగా ఉంటుంది. జె.వి. రమణమూర్తి గారు గిరీశం వేస్తే, ఆయన అన్నగారు సోమయాజులు రామప్పపంతులు వేస్తే చూసిన తరం ఆ పేర్లు తలుచుకుని ఇప్పటికీ మురిసిపోతుంది. కానీ కోతలో ముందు పోయేవి ఏమిటో చూడండి. లుబ్ధావధాన్ల విధవ కూతురు మీనాక్షి పోతుంది, పూటకూళ్లమ్మ పోతుంది, సారాదుకాణం పోతుంది, బుచ్చమ్మ మాటలు సగం పోతాయి. మిగిలింది ఒక తమాషా మనిషి కథ. ఆ తమాషా మనిషి చుట్టూ ఆడవాళ్ల బతుకులు ఎలా ఉన్నాయో చూపించడానికే గురజాడ అంత పెద్ద నాటకం రాశాడని నా నమ్మకం.

నాకొక ఆలోచన చాలాకాలంగా ఉంది. మా సమాజంలో చెప్పాను, ఎవరూ ఒప్పుకోలేదు. ఇప్పుడు మీ అందరి ముందూ పెడుతున్నాను. ఈ గొడవంతా ఎవరి పెళ్లి గురించో ఆ సుబ్బి మనకు దాదాపు కనిపించదు. ఆ పిల్లకు ఏం కావాలో ఎవరూ అడగరు. తెర లేవగానే వేదిక మీద ఏమీ ఉండకూడదు. ఒక మూల నేలమీద పదేళ్ల పిల్ల కూర్చుని అచ్చనగాయలు ఆడుకుంటూ ఉండాలి. బొంకులదిబ్బ మీద గిరీశం తనలో తాను మాట్లాడుకుంటున్నా, రామప్పపంతులు మధురవాణి ఇంట్లో అవస్థ పడుతున్నా, పిల్లను ఎంతకి అమ్మాలో బేరం జరుగుతున్నా ఆ పిల్ల అక్కడే ఉంటుంది. ఒక్క మాట మాట్లాడదు. ఎవరూ ఆమెను చూడరు. మనం మాత్రం చూస్తాం. సుబ్బి పెళ్లి తప్పించడానికి కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషం వేసుకుని పెళ్లిపీటల మీద కూర్చున్నప్పుడు అందరం నవ్వుతాం. నవ్వుతూ ఆ మూలకు చూస్తే అసలు పిల్ల గాయలు ఎగరేసి పట్టుకుంటూ ఉంటుంది. గురజాడ మాట ఒక్కటి మార్చక్కర్లేదు. అదనపు ఖర్చు ఐదు గచ్చకాయలు.

ఇది తప్పు ఆలోచన కావచ్చు. మీకు ఇంతకంటే మంచిది తట్టవచ్చు. నాటకం మొత్తాన్ని మోయగల ఒక్క ఊహ ఉంటే చాలు, మిగతావన్నీ వదిలేయవచ్చని చెప్పడానికే ఇంత వివరంగా రాశాను. అలాంటి ఊహ లేనప్పుడే మన చేతులు సామాను కోసం వెతుక్కుంటాయి.

ఆఖరు మాట కూడా చూడండి. గిరీశం లేవదీసుకుపోయిన బుచ్చమ్మను సౌజన్యారావు పంతులు పూనాలోని వితంతు శరణాలయానికి పంపుతానంటాడు, గిరీశం గుట్టు బయటపడుతుంది, "డామిట్! కథ అడ్డంగా తిరిగింది!" అంటాడు. చప్పట్లు, వెంటనే తెర. ఆ తెర కొంచెం ఆపండి. గిరీశాన్ని వెళ్లిపోనివ్వండి. ఖాళీ వేదిక మీద గచ్చకాయల చప్పుడు పది లెక్కపెట్టేదాకా వినిపించనివ్వండి.

హరిశ్చంద్ర గురించి చెప్పకుండా ఉండలేను. బలిజేపల్లి వారి నాటకంలో కాటిసీనుకి జాషువా 'శ్మశానవాటి' పద్యాలు కలిపి పాడటం మన ఆనవాయితీ. సత్కవి కలం కాలిపోయిన చోటు, రాజు అధికార ముద్రికలు అంతరించిన చోటు ఇదేనని చెప్పే పద్యాలవి. శివుడు పిశాచాలతో గజ్జె కదిలించి ఆడే రంగస్థలం అని కాటినే అంటాడు ఆ కవి. అంటరానితనం అనుభవించిన మనిషి రాసిన మాటలు, కాటికాపరిగా మారిన రాజు నోట్లోంచి వస్తున్నాయి. ఇంతకంటే పెద్ద నాటకీయత ఎక్కడ దొరుకుతుంది? మనం చేసేదేమో పొగ మిషన్ పెట్టి, ప్లాస్టిక్ పుర్రెలు వేలాడదీసి, ఒక్కో పాదానికి ఐదు నిమిషాల రాగం తీయడం. వన్స్ మోర్ అనగానే మళ్లీ మొదటి నుంచి. అవతల చంద్రమతి చచ్చిన కొడుకును ఒళ్లో పెట్టుకుని రాగం అయ్యేదాకా కూర్చుని ఉంటుంది.

రాగం మీద నాకు కోపం లేదు. గొప్ప గాయకులు ఆ పద్యాలు పాడుతుంటే వింగ్‌లో నిలబడి ఏడ్చినవాణ్ని. కానీ ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఒక నటుడు ఆ పద్యాన్ని మనిషి మనిషితో చెప్పినట్టు, గొంతు పెంచకుండా, ఒక కర్రమీద ఆనుకుని నిలబడి చెప్తే వినాలని ఉంది. మహానటుడు బళ్లారి రాఘవ గారు తన కాలంలోనే ఈ పోరు పోరారు. పద్యంలో భావం ముందు, రాగం తరవాత అన్నారు. ఆడవేషాలు ఆడవాళ్లే వేయాలన్నారు. ఆయన పోయింది 1946లో. స్త్రీల సంగతిలో ఆయన మాట విన్నాం, పద్యం సంగతిలో ఇంకా వినలేదు.

బయట ఈ పని చేసినవాళ్లు లేకపోలేదు. దర్శకుడు హబీబ్ తన్వీర్ 1958లో ఢిల్లీలో మృచ్ఛకటికం చేసినప్పుడు ఛత్తీస్‌గఢ్ పల్లెల్లో నాచా అనే జానపద నాటకం ఆడే కళాకారుల్ని తెచ్చుకున్నాడు. శూద్రకుడి నాటకానికి పండితులు అక్కర్లేదు, పాట వచ్చిన, కాలు కదిలే మనుషులు చాలన్నది ఆయన సాహసం. ఇంగ్లండులో దర్శకుడు పీటర్ బ్రూక్ 1970లో షేక్స్‌పియర్ 'మిడ్‌సమ్మర్ నైట్స్ డ్రీమ్' చేశాడు. ఆ నాటకంలో సగం పైగా అడవిలో జరుగుతుంది. ఆయన ఒక్క చెట్టు పెట్టలేదు, మూడు తెల్లగోడలు పెట్టి నటుల్ని ఉయ్యాలల మీద ఊగించాడు. వీళ్లను అనుకరించమని చెప్పడం లేదు. తెల్లగోడలు తెచ్చి మన వేదిక మీద పెడితే అవీ అద్దె స్తంభాల్లాంటివే అవుతాయి.

ఇక నేను అడుగుతున్నది ఇదీ. వచ్చే ఏడాది మీ పరిషత్తులో ఒక్క రాత్రి, చివరి రోజు కాదు, జనం బాగా వచ్చే రోజే, పాత నాటకాలకు కేటాయించండి. సెట్టు లేదు, వెనక తెర లేదు, కాలర్ మైకులు లేవు. మైకు లేకుండా వినిపించాలంటే హాలు చిన్నదై ఉండాలి, కాబట్టి కళ్యాణమండపం వద్దు, ఏ స్కూలు హాలో చూడండి. ప్రతి సమాజానికీ నాలుగు స్టూళ్లు, ఒక మంచం, ఒక తెరగుడ్డ మీరే ఇవ్వండి. సెట్టు కోసం దాచిన డబ్బు నటుల చేతిలో పెట్టనివ్వండి. బహుమతి ఒక్కటే పెట్టండి, దర్శకత్వానికి. న్యాయనిర్ణేతల్లో ఒకరు స్కూలు పిల్లలకు పాఠం చెప్పే తెలుగు మాస్టారు అయితే మరీ మంచిది, మాట స్పష్టంగా వినబడిందో లేదో ఆయనకు వెంటనే తెలిసిపోతుంది.

జనం రారేమోనని భయపడొద్దు. చీకటి వరండా వైపు ముప్పైమందిమి రోజూ తల తిప్పాం. మాలో కథ తెలియనివాళ్లు ఒక్కరూ లేరు.

ఆ రాత్రికి ప్రాంప్టర్ కావాలంటే నేను వస్తాను. చార్జీలు నావే. ఈసారి నటుడు ఆగితే, మరిచిపోయాడో ఊరుకున్నాడో చూసి గాని అందించను.

ఇట్లు,
వింగ్ పక్కన నిలబడి పుస్తకం పట్టుకున్న ఒక ప్రాంప్టర్